మగ్గులు ఎక్కువైపోయాయి, ఎలా సర్దాలో చెప్పండి

మాది కావలి, అద్దె ఇల్లు. రిటర్న్ గిఫ్టులుగా వచ్చినవి, పుట్టినరోజులకు ఫొటో వేయించి ఇచ్చినవి, ఆఫీసులో పంచినవి అన్నీ కలిసి వంటగది అలమర నిండిపోయి, ఇప్పుడు ఫ్రిజ్ మీద కూడా కాఫీ మగ్గులే. ఒకదానిలో ఒకటి పెడితే ఇరుక్కుపోతున్నాయి, లాగేటప్పుడు అంచులు పెచ్చులూడుతున్నాయి. గోడకు మేకు కొట్టడానికి ఓనర్ ఒప్పుకోరు. అలమర కింద ఇనప కొక్కేలు పెడదామంటే ఈ సముద్రపు గాలికి తుప్పు పడతాయి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్లకు చెప్తే మగ్గులు తగిలించే స్టాండు చేసిస్తారా, ఎవరైనా చేయించుకున్నారా?

అన్నీ ఎవరికైనా ఇచ్చేయమని మా అత్తయ్య అంటారు గానీ, నాన్న రోజూ టీ తాగిన నీలం మగ్గు, దాని పిడి కాస్త అరిగిపోయి ఉంటుంది, అది మాత్రం ఇవ్వలేను. మిగతావాటిలో ఏవి ఉంచాలో మీరైతే ఎలా తేల్చుకుంటారు? అంచు విరిగినవాటిలో మొక్కలు పెట్టాలని ఉంది, పగలకుండా అడుగున చిల్లు ఎలా వేయాలో కూడా చెప్పండి ప్లీజ్.