బీటీ (తారు) వేసే ముందు నేల లెవెల్: మిల్లు యార్డులో సగం చెల్క, సగం రేగడి

మిల్లు_యార్డు:
మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు యార్డు. పొడవు 40 మీటర్లు, వెడల్పు 30. పొడుగునా ఒక పక్క షెడ్డు, ఎదుటి పక్క ప్రహరీ వెంట కాలువ. నేల సగం ఎర్ర చెల్క, సగం నల్లరేగడి. వడ్ల లారీలు తిరుగుతయి. కాంట్రాక్టరు జేసీబీతో పైపైన గీకి, కంకర పోసి, ఎత్తుపల్లాలుంటే బీటీలోనే సరిచేస్తనంటున్నడు. ఇది నడుస్తదా? వాలు ఎంత పెట్టాలె?

లెవెల్_స్టాఫ్:
నడవదన్నా. బీటీ మిక్స్ రోలర్ కింద దాదాపు అయిదో వంతు అణుగుతుంది. 40 మి.మీ. పొర కావాలంటే 50 మి.మీ. పరుస్తారు. కింద 40 మి.మీ. గుంత ఉంటే అక్కడ 90 పడుతుంది, అణిగితే 72. గుంత లోతు తీసేస్తే మిగిలేది 32. అంటే చుట్టూ 40 ఉన్నచోట ఇక్కడ 8 మి.మీ. పల్లం. పరిచినప్పుడు నున్నగా ఉన్నా, రోలర్ తిరిగాక గుంత మళ్లీ తేలుతుంది. మొదటి వానకే నీళ్లు నిలుస్తాయి.

ఖర్చూ చూసుకోండి. 1,200 చదరపు మీటర్ల మీద సగటున 20 మి.మీ. ఎక్కువ పడితే 24 ఘనపు మీటర్లు, దాదాపు 55 టన్నుల మిక్స్. అదే పల్లాన్ని మొరంతో నింపితే నాలుగైదు టిప్పర్లతో పోతుంది.

వాలు లెక్క కాలువ నుంచి మొదలుపెట్టండి. షెడ్డు గడప, గేటు, కాటా ర్యాంపు, కాలువ అడుగు: ఈ నాలుగూ కదలనివి, వాటి లెవెళ్లు ముందు రాసుకోండి. 2 శాతం వాలుకు 30 మీటర్లలో 60 సెం.మీ. దిగాలి, 1.5 శాతానికి 45. షెడ్డుకు, కాలువకు మధ్య అంత తేడా లేకపోతే 1 శాతంతో సరిపెట్టొద్దు. లారీ చక్రాల కింద కాస్త అణిగినా ఆ వాలు పోతుంది. దానికంటే యార్డు నడుమ జాలీ కాలువ పెట్టి రెండు పక్కల నుంచీ దించండి. 15 మీటర్లకు 30 సెం.మీ. చాలు. ఆ కాలువ లారీ బరువు ఆపే ఆర్‌సీసీ అయ్యుండాలి, పొడుగునా 200కు 1 చొప్పున, అంటే 40 మీటర్లలో 20 సెం.మీ. వాలాలి.

5 మీటర్లకో మేకు కొట్టి ఆటో లెవెల్‌తో (ఎత్తులు కొలిచే దుర్బిణీ పరికరం) ప్రతి పొర ఎత్తూ మేకు మీద గుర్తు పెట్టించండి. మట్టికి ఏ వాలు ఇచ్చారో పై పొరలన్నిటికీ అదే వాలు. మట్టి చదునుగా ఉండి పైన మాత్రమే వాలిస్తే, కంకరలోకి దిగిన నీళ్లకు బయటికి దారి ఉండదు.

మట్టి_పరీక్ష:
రేగడి సంగతి వేరుగా చూడాలి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పైన ఎంత కంకర పోసినా పగులు పైకే వస్తుంది. ల్యాబ్‌లో ఫ్రీ స్వెల్ (మట్టి నీళ్లలో ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష) చేయించండి, 50 శాతం దాటితే ఆ మట్టి పనికిరాదు. 50–60 సెం.మీ. తవ్వి తీసేసి మంచి మొరం నింపడమే సులువు. సున్నం కలిపే పద్ధతీ ఉంది, 3–5 శాతం. కానీ ఇంత చిన్న యార్డులో సమంగా కలపడం కష్టం, పైగా వారం రోజులు తడిపి ఉంచాలి.

అందరూ మరిచేది చెల్క, రేగడి కలిసే గీత. అక్కడ నిలువుగా కోసి మొరం నింపితే సరిగ్గా ఆ గీత వెంటే బీటీ చీలుతుంది. మెట్లు మెట్లుగా, కనీసం రెండు మీటర్ల దూరం సాగదీసి కలపండి. రేగడి మీద ఇసుక పరవొద్దు, నీళ్లు అందులో నిలిచి రేగడికే అందుతాయి.

మిల్లు_యార్డు:
10 టన్నుల మామూలు రోలర్ ఉన్నది. మొరం ఒక్కసారే పోసి తొక్కిస్తే?

రోలర్_ముచ్చట:
వద్దు. ఆ రోలర్‌కు అణిగాక 10 సెం.మీ. మించిన పొర పెట్టొద్దు. వైబ్రేటరీ (అదురుతూ తొక్కే) రోలర్ అయితే 20 దాకా. పైన గట్టిపడి కింద వదులుగా ఉండే మొరం, మొదటి సీజన్ లోడ్లకే చక్రాల గాడిలా దిగుతుంది. అణగడానికి పోతుంది కాబట్టి వదులు మొరం పావు వంతు ఎక్కువ తెప్పించండి.

నీళ్లదే అసలు కథ. ముందు సాయంత్రం ట్యాంకర్‌తో తడిపి, పొద్దున కలిపి తొక్కించాలి. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, చెయ్యి తడవకూడదు, వేలితో నొక్కితే రెండు మూడు ముక్కలవ్వాలి. ఎండాకాలం మధ్యాహ్నానికే ఆరిపోతుంది, మళ్లీ చల్లుకోవాలి. గుంతలో ఇసుక పోసి సాంద్రత కొలిచే పరీక్షలో, ల్యాబ్‌లో వచ్చే గరిష్ఠ సాంద్రతకు మట్టి పొర 97 శాతం, జీఎస్‌బీ (మట్టి మీద వేసే కింది కంకర పొర), డబ్ల్యూఎంఎం (దాని మీద నీళ్లతో కలిపి వేసే కంకర పొర) 98 శాతం రావాలి. పరీక్ష చేయించకపోతే, నిండు లోడు టిప్పర్‌ను నడక వేగంతో యార్డంతా తిప్పండి. చక్రం వెనక నేల పరుపులా ఊగిందంటే అక్కడ తవ్వాల్సిందే, పైన కంకర పోసి కప్పొద్దు.

పైన జీఎస్‌బీ 20 సెం.మీ., డబ్ల్యూఎంఎం 20, డీబీఎం (కింది తారు పొర) 5, బీసీ (పై తారు పొర) 4. డబ్ల్యూఎంఎం లెవెల్ మేకు గుర్తుకు 10 మి.మీ. అటూఇటూ దాటకూడదు, బీటీ మొదలయ్యే ముందు మీకున్న చివరి అవకాశం అదే. తర్వాత దుమ్ము ఊడ్చి ప్రైమ్ కోటు (బీటీ అంటుకునేందుకు కంకర మీద చల్లే పల్చటి తారు పూత), చదరపు మీటరుకు 0.7–1 కిలో తారు ఎమల్షన్, 24 గంటలు ఆరనివ్వండి. కరెంటు పైపులు, బోరు లైను ఉంటే మట్టి దశలోనే దించండి. బీటీ అయ్యాక కోసిన చోట ఎంత అతికినా దిగుతుంది.

లెవెల్_స్టాఫ్:
ఒకటి మరిచాను. కాటా ముందర, లారీలు గంటల తరబడి నిలబడే చోట బీటీ వద్దు. డీజిల్, ఆయిల్ చుక్కలకు తారు కరుగుతుంది, నిలబడ్డ చక్రం కింద ఎండకు దిగుతుంది. అంత భాగం కాంక్రీటు వేసి, బీటీ అంచును దానికి ఆనించి, బీటీ వైపు 5 మి.మీ. ఎత్తు పెట్టుకోండి. తొక్కుడు పడి దిగితే లెవెల్‌కొస్తుంది.