‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో’: మెయిల్ ఖాతా మూసేవాళ్లకు ఈ మాట నప్పుతుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మెయిల్ ఖాతాను పూర్తిగా మూసేయాలనుకునే పెద్దవాళ్ల కోసం తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ముందు మెయిళ్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లు దాచుకుని, ఆ తర్వాతే ఖాతా తీసేయమని చెప్పడం దాని ఉద్దేశం. శీర్షికగా ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోండి’ అని పెట్టాను. చదివిన మిత్రులొకరు వద్దన్నారు. ఆ సామెతను ఇప్పుడందరూ పదవిలో ఉండగా నాలుగు రాళ్లు వెనకేసుకోవడం అనే అర్థంలో వాడుతున్నారట, ‘చేతులు కాలాక ఆకులు పట్టుకోకండి’ అని మార్చమన్నారు. మీరేమంటారు? శీర్షికలో నేరుగా ‘డేటా దాచుకోండి’ అంటే సరిపోతుందా?

జవాబు

మీరు పెట్టిన శీర్షికే ఉంచండి. మీ మిత్రులు చెప్పిన వాడుక ఉన్నమాట నిజమే, పత్రికల్లో రాజకీయ వార్తల్లో తరచూ కనిపిస్తుంది. కానీ ఆ దురాశ సామెతలో లేదు. అందులో ఉన్నవి వెలుగు, ఇల్లు, చేయాల్సిన పని, అంతే. ఎవరి ఇల్లు వాళ్లు సర్దుకోవడంలో తప్పేముంది? ఒక వర్గం వంకరగా వాడుతోందని మంచి మాటను మనం వదులుకోనక్కర్లేదు.

‘చేతులు కాలాక’ అనేది జరిగిపోయిన దాని మీద చెప్పే మాట. ఖాతా పోగొట్టుకుని వచ్చినవాళ్లతో అంటే దెప్పినట్టు ఉంటుంది. మీ వ్యాసం చదివేవాళ్లు ఇంకా మూయలేదు కదా. వాళ్లకు ముందుచూపు మాటే కావాలి.

ఇక సామెతలోని రెండు ముక్కలు చూడండి. మొదటిది ‘ఉండగానే’. ‘ఉన్నప్పుడు’ అంటే కాలం మాత్రమే తెలుస్తుంది. ‘ఉండగానే’ అన్నప్పుడు, అది ఎంతోసేపు ఉండదన్న హెచ్చరిక కూడా వినపడుతుంది. వెలుగుండగానే ఊరు చేరాలి అంటాం, చీకటి పడబోతోందని తెలుసు కాబట్టి. మెయిల్ ఖాతా విషయంలో ఆ దీపం లాగిన్. పాస్‌వర్డ్ పనిచేస్తున్నంతవరకే లోపల ఏముందో చూడగలం.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. జీమెయిల్‌లో ఉన్నదంతా తీసుకోవడానికి గూగుల్ టేకౌట్ అనే సదుపాయం ఉంది. కావలసినవి ఎంచుకుని అడిగితే, కొంతసేపటికో, డేటా ఎక్కువైతే మరికొంత ఆలస్యంగానో, డౌన్‌లోడ్ లింకు పంపిస్తుంది. ఆ లింకు వచ్చేది మూయబోయే ఆ మెయిల్‌కే. దానికి గడువు కూడా ఉంటుంది, సుమారు వారం. ‘అడిగాను, వస్తుందిలే’ అనుకుని ఖాతా తీసేస్తే ఆ లింకు ఎక్కడ తెరుస్తారు? మరోటి, టేకౌట్ తయారుచేసిన ఫైళ్ల కట్టను డౌన్‌లోడ్ చేసుకునే బదులు డ్రైవ్‌లో పెట్టమని కూడా ఎంచుకోవచ్చు. అదే ఖాతా డ్రైవ్‌లో పెట్టించుకుని, గూగుల్ ఖాతా మొత్తం తొలగిస్తే కట్ట కూడా దానితోపాటే పోతుంది. మీ వ్యాసంలో ఈ రెండూ తప్పక రాయండి.

రెండో ముక్క ‘చక్కబెట్టుకో’. మీ ప్రశ్నలో అసలు విషయం ఇదేనని నాకనిపిస్తోంది. ‘దాచుకో’ అని గానీ, ‘కూడబెట్టుకో’ అని గానీ అనలేదు సామెత. కూడబెట్టడం అంటే పోగు చేయడం. చక్కబెట్టడం అంటే దేని చోట దాన్ని పెట్టి, పని తేలేలా చేయడం. ‘పనులన్నీ చక్కబెట్టుకుని వచ్చాడు’ అంటాం చూడండి, అందులో దాచడం అనే ఊసే లేదు. ఖాతా మూయబోయేవాళ్లు చేయాల్సింది ఇదే. డేటా దింపుకోవడం అందులో ఒక భాగం మాత్రమే, చాలాసార్లు అదే తేలిక భాగం కూడా.

కష్టమైనది వేరే ఉంది. ఆ మెయిల్ చిరునామాతో ఎక్కడెక్కడ తలుపులు తెరుచుకుంటున్నాయో వెతకాలి. బ్యాంకు, పన్నుల పోర్టల్, టికెట్ల సైటు, సోషల్ మీడియా, కరెంటు బిల్లు, ఇలా ఎన్నిట్లో ఆ చిరునామా ఇచ్చి ఉంటామో గుర్తుండదు. పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది పెట్టుకునే లింకు ఆ మెయిల్‌కే వస్తుంది. ఓటీపీలు కొన్ని అక్కడికే వస్తాయి. కొన్ని సైట్లలోకి పాస్‌వర్డ్ లేకుండా ‘గూగుల్‌తో సైన్ ఇన్’ అని వెళ్తుంటాం, గూగుల్ ఖాతాయే తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అందుకని ముందు ప్రతిచోటా కొత్త చిరునామా ఇచ్చి, అది పనిచేస్తోందని ఒకసారి లాగిన్ అయి చూసుకోవాలి. వెతకడానికి మంచి ఉపాయం, పాత మెయిల్ పెట్టెలోనే ‘వెరిఫై’, ‘వెల్‌కమ్’, ‘పాస్‌వర్డ్’ అన్న ఇంగ్లీషు మాటలు కొట్టి చూడటం. ఎప్పుడో చేరి మరిచిపోయిన సైట్లన్నీ బయటపడతాయి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, వదిలేసిన చిరునామా మరొకరి చేతికి వెళ్లిన సందర్భం ఉంది. ఏడాదిగానో అంతకంటే ఎక్కువ కాలంగానో వాడని ఐడీలను 2013లో యాహూ మళ్లీ కొత్తవాళ్లకు ఇచ్చింది. పాత మనిషి పేరు మీద వచ్చే ఉత్తరం కొత్త మనిషికి చేరితే ఏమవుతుందోనని అప్పట్లో గట్టిగానే చర్చ జరిగింది. జీమెయిల్‌లో ఆ భయం లేదు. తీసేసిన చిరునామాను ఇంకెవరికీ ఇవ్వరు. అయినా మెయిల్ అందదు కదా, అందాల్సింది ఏదైనా ఉంటే పోయినట్టే.

కాబట్టి ‘డేటా దాచుకోండి’ అని శీర్షిక పెడితే సగం పనే చెప్పినట్టవుతుంది. ‘దాచు’కు తెలుగులో ఇతరులకు కనపడకుండా పెట్టడం అన్న అర్థం కూడా ఉంది. కంప్యూటర్ అలవాటు లేని పెద్దవాళ్లకు ‘మెయిళ్లు దాచుకోండి’ అంటే ఎవరి నుంచి అన్న సందేహం రావచ్చు. వ్యాసం లోపల ‘కాపీ తీసుకోండి’ అనండి, అందరికీ తెలిసిన మాట.

మరొక సభ్యురాలు

సామెత గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటానండి. నాకు ఇబ్బంది ‘శాశ్వతంగా మూసివేయడం’ దగ్గర. ప్రశ్న అడిగినవారు వ్యాసంలో ఈ మాట కూడా వాడతారనుకుంటున్నాను. శాశ్వతం అంటే ఎప్పటికీ నిలిచేది. ఇక్కడేమో ఏదీ నిలవడం లేదు, పోతోంది. ‘పర్మనెంట్‌గా’ అనే రాసేస్తే పోదా?

జవాబు

‘శాశ్వతంగా’ వ్యాకరణానికి తప్పు కాదండి, మూతపడి ఉండటమనే స్థితి నిలుస్తుంది కాబట్టి. నాకున్న అభ్యంతరం వేరే. అది మొదటి రోజుకు నిజం కాదు. మైక్రోసాఫ్ట్ ఖాతా మూసేటప్పుడు 30 రోజులా, 60 రోజులా అని మననే గడువు ఎంచుకోమంటుంది. ఆ లోపల మళ్లీ సైన్ ఇన్ అయితే మూత రద్దవుతుంది, గడువు దాటాక ఇక రాదు. యాహూలోనూ మూసేశాక కొంత గడువు ఉంటుంది, అది దేశాన్ని బట్టి మారుతుంది. గడువులో ఉన్న ఖాతాను ‘శాశ్వతంగా పోయింది’ అంటే, తిరిగి తెచ్చుకోగలిగినవాళ్లు కూడా ఆశ వదిలేసుకుంటారు. అలాగని గడువుంది కదా అని నమ్ముకుని కాపీ తీసుకోవడం వాయిదా వేసేవాళ్లూ ఉంటారు. రెండూ నష్టమే.

అందుకే ఒక్క మాటతో సరిపెట్టకుండా మూడు పనులకు మూడు మాటలు వాడమంటాను. లాగిన్ అవకుండా వదిలేయడాన్ని ‘వాడటం మానేయడం’ అనండి. గడువులోపల తెరుచుకోగలిగిన దశను ‘మూసేయడం’ అనండి. మూసినది తెరవొచ్చని తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక ఎవరూ తిరిగి తేలేని దశకు ‘తొలగించడం’. అవసరమైన చోట ‘మళ్లీ తెరవడానికి వీల్లేకుండా’ అని విడమరిచి రాయండి, కాస్త పొడుగైనా సందేహం మిగలదు.

వాడటం మానేసినంత మాత్రాన ఖాతా క్షేమంగా ఉంటుందనీ అనుకోవద్దు. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని 2023లో గూగుల్ నియమం పెట్టింది. అదే ఏడాది డిసెంబరు నుంచి దాన్ని అమలు చేయడం మొదలుపెట్టింది.

ఇంకో తేడా కూడా వ్యాసంలో రావాలి. ‘జీమెయిల్ తీసేశాను’, ‘గూగుల్ ఖాతా తీసేశాను’ ఒకటి కావు. మెయిల్ సేవ ఒక్కటే తీసేసి, వేరే మెయిల్ చిరునామాతో ఆ ఖాతాను ఉంచుకోవచ్చు. ఫోటోలు, డ్రైవ్, యూట్యూబ్ అలాగే ఉంటాయి. ఖాతా మొత్తం తీసేస్తే ఇవన్నీ పోతాయి, గూగుల్ ప్లే స్టోర్‌లో కొన్నవాటితో సహా. చాలామందికి కావాల్సింది మొదటిది, నొక్కేది రెండోది.

మరొక సభ్యులు

భాషా చర్చకు కాస్త దూరం జరుగుతున్నాననుకోకండి. నేను మెయిళ్ల కాపీ తీసుకుని తెరిచి చూస్తే తెలుగు ఒక్క ముక్క లేదు. అంతా సమాన గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు. పాత ఉత్తరాలన్నీ పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు

దూరమేమీ కాదు సార్, తెలుగులో ఉత్తరాలు రాసుకున్న మనకు ఇది సొంత విషయం. మీ ఉత్తరాలు పోలేదు. టేకౌట్ ఇచ్చేది ఎంబాక్స్ అనే ఫైలు. మెయిళ్లన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చిన పొడవాటి టెక్స్ట్ అది. అన్ని భాషల లిపులకూ ఉమ్మడి సంకేతాల ఏర్పాటైన యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షరం గుర్తు, దాన్ని ఫైల్లో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. మెయిల్ ప్రయాణానికి ఆ బైట్లను సాదా అంకెలుగా, అక్షరాలుగా మార్చి పంపుతారు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఆ మార్చిన రూపమే కనిపిస్తుంది. థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రాంలోకి దాన్ని తెచ్చుకుని చూడండి, తెలుగు తెలుగులాగే వస్తుంది. అది ఉచితమే.

థండర్‌బర్డ్‌లో పాత ఖాతాను నేరుగా కలుపుకుని, మెయిళ్లు కనిపిస్తున్నాయి కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లకూ ఒక మాట. ఐమ్యాప్ పద్ధతిలో కలిపితే అక్కడ కనిపించేది సర్వర్‌లో ఉన్నదాని ప్రతిబింబం. సర్వర్‌లో పోతే థండర్‌బర్డ్‌లోనూ పోవచ్చు. ‘లోకల్ ఫోల్డర్స్’ అన్న చోటికి కాపీ చేసుకుంటేనే అది మీ దగ్గర ఉన్నట్టు.

ఫోన్ నంబర్ల జాబితాను సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన పట్టికగా, తీసుకుని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు చెదిరిపోయి కనిపించవచ్చు. తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకోండి. లేదా వీకార్డ్ అనే కాంటాక్టుల ఫైలు రూపంలో కూడా ఒక కాపీ తీసుకోండి, ఫోన్లు దాన్ని తేలిగ్గా అర్థం చేసుకుంటాయి.

అసలు చిక్కు యూనికోడ్ వాడుకలోకి రాకముందు రాసిన ఉత్తరాలది. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, మనందరం దానికి అలవాటు పడేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో ఒక్కో ఫాంటుకు ఒక్కో ఏర్పాటు ఉండేది. ఆ ఫాంటు లేకపోతే ఉత్తరం వట్టి గీతలే. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసిన మెయిళ్లకు ఈ బాధ లేదు. ఫాంటుతో రాసినవి ఉంటే, ఆ ఫాంటు ఫైలును కూడా మెయిళ్ల పక్కనే ఉంచండి. వీలైతే ముఖ్యమైన ఉత్తరాలను ఇప్పుడే, సరిగ్గా కనిపిస్తుండగానే, పీడీఎఫ్‌గా మార్చుకోండి. నేను ‘కూడబెట్టడం వేరు, చక్కబెట్టడం వేరు’ అన్నది దీన్ని దృష్టిలో పెట్టుకునే. దింపుకున్న ఫైలు తెరిచి, చదవగలుగుతున్నామని చూసుకున్నాకే తొలగించే బటన్ జోలికి వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. శీర్షిక అలాగే ఉంచుతున్నాను. లోపల ‘మానేయడం, మూసేయడం, తొలగించడం’ విడివిడిగా రాస్తాను. ఒక్క సందేహం మిగిలింది. బటన్ మీద ఏ మాట ఉండాలి? ‘తొలగించు’ అనా, ‘తొలగించండి’ అనా?

జవాబు

బటన్ మీద ‘తొలగించు’ చాలండి. అక్కడ ఆజ్ఞ ఇస్తున్నది మనం, పుచ్చుకుంటున్నది యంత్రం. మీ వ్యాసంలో పాఠకులకు చెప్పేటప్పుడు మాత్రం ‘తొలగించండి’. ఇంకొకటి, చదివేవాళ్ల తెరల మీద తెలుగే ఉంటుందని చెప్పలేం, ఎక్కువమందికి ఇంగ్లీషే కనిపిస్తుంది. అందుకని ‘డిలీట్ అన్న బటన్’, ‘క్లోజ్ అన్న బటన్’ అని తెర మీద కనిపించే మాటను కూడా పక్కన రాయండి. వ్యాసం పూర్తయ్యాక ఇక్కడ పెడితే అందరం చదువుతాం.