ముసురులో పీటీ-76 తెల్లబడింది

అమలాపురం నుంచి:
1/35 స్కేలులో పీటీ-76 ట్యాంకు మోడల్ కడుతున్నానండి. 1971 యుద్ధంలో గరీబ్‌పూర్ దగ్గర మన సైన్యపు 45 కేవల్రీ దళం నడిపిన, నీళ్లలో ఈదే ట్యాంకు. వెనక రెండు వాటర్‌జెట్ల మూతలు, ముందు అలల్ని కాసే మడత పలక చక్కగా కుదిరాయి. నిన్న ముసురులో, మెరుపు తగ్గించే మ్యాట్ లాకర్ పూత కొట్టాను. తెల్లారేసరికి టరెట్ (ఫిరంగి ఉండే పై గూడు) అంతా బూజు పట్టినట్టు తెల్లగా అయిపోయింది. మూడు నెలల పనండి. రంగంతా గీకెయ్యాలా?

రాజోలు నుంచి:
గీకకు తమ్ముడూ! థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి గాలిలో చెమ్మని పట్టేస్తుంది. ఎండ కాసిన రోజు, మెల్లగా ఆరే రిటార్డర్ థిన్నర్ ఒక్కటే పల్చగా కొట్టు. ముందు అడుగున చూసుకో.

యానాం నుంచి:
ట్రాకులకి (గొలుసు పట్టాలకి) బురదలా గౌతమి ఒండ్రే వాడండి. ఎండబెట్టి, పాత పంచెలో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో పూయండి. బాగా మెత్తగా ఉండాలి. అర మిల్లీమీటరు రేణువు ఆ స్కేలులో 17.5 మిల్లీమీటర్ల కంకరరాయి!

అమలాపురం నుంచి:
అడుగున కొట్టి చూశానన్నయ్యా, ఆకుపచ్చ తిరిగొచ్చింది! టరెట్‌కి ఎండ కోసం చూస్తున్నా. ఒండ్రు డాబా మీద ఆరుతోంది.