పరుగులో చెవికి పాట కావాలా?

పెన్నాగట్టు:
నెల రోజులుగా నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ఉదయం పరుగెత్తుతున్నాను. చెవుల్లో పాట ఉంటే నాలుగు రౌండ్లు ఇట్టే అయిపోతాయి. ఇయర్‌ఫోన్లలో ఛార్జింగ్ లేని రోజు నా ఆయాసం నాకే వినబడి రెండో రౌండుకే ఆగిపోతున్నాను. పక్కింటి పెద్దాయన మాత్రం "పాటతో పరుగెత్తేది పరుగే కాదు" అంటారు. మీరేమంటారు?

కావలి కుర్రాడు:
నిక్షేపంగా పెట్టుకో అన్నా. లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరగియోర్గిస్ ఏళ్ల తరబడి పరిశీలించింది ఇదే. ఓ మోస్తరు వేగంలో పాట వింటే అదే శ్రమ తక్కువగా తోస్తుంది. నిమిషానికి 120 నుంచి 140 దరువులున్న పాటలు బాగా కుదురుతాయి. ఇథియోపియా పరుగు వీరుడు హైలీ గెబ్రెసెలాసీ 1998లో బర్మింగ్‌హామ్‌లో 2,000 మీటర్ల ఇండోర్ రికార్డు కొట్టింది తనకు నచ్చిన పాట మోగుతుండగానే.

ఒంగోలు మాస్టారు:
తమ్ముడూ, ఆ పాట మోగింది స్టేడియం మైకులో, ఆయన చెవిలో కాదు. ట్రాక్ పోటీల్లో పాట వినే పరికరం దగ్గర ఉంచుకోవడమే నిషిద్ధం. పైగా నువ్వు సగమే చెప్పావు. ఊపిరి అందని వేగంలో ఒళ్లు పెట్టే గోల ముందు పాట నిలవదు. నా దగ్గరికి కానిస్టేబుల్ ఎంపికకు తయారయ్యే పిల్లలు వస్తారు. మగపిల్లలకు 1600 మీటర్లు, 8 నిమిషాలు. ఆరు నెలలు పాటతోనే సాధన చేసిన ఒకడు, అది లేకుండా పరుగెత్తమంటే మొదటి రౌండు గాలిలా వెళ్లి మూడో రౌండు నడిచాడు. తన వేగం తనకు తెలియదు, ఎప్పుడూ పాటే చెప్పేది.

మైపాడు రోడ్డు:
స్టేడియంలో ఏదైనా చెల్లుతుంది మాస్టారూ. నేను రోడ్డు మీద పరుగెత్తుతాను. ఒక రోజు ఇంకా వెలుగు రాకముందే వెనక నుంచి పాల క్యాన్లు కట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ వచ్చింది. క్యాను అంచు నా మోచేతిని గీసుకుంటూ పోయింది. పాలాయన ఆగి, "ఎంతసేపటి నుంచి హారన్ కొడుతున్నానమ్మా!" అన్నాడు. నా చెవిలో అప్పుడు పల్లవి రెండోసారి వస్తోంది. అప్పటి నుంచి కుడి అంచున, బండ్లకు ఎదురుగా పరుగెత్తుతున్నాను. రోడ్డు వైపున్న ఎడమ చెవి ఖాళీ.

కావలి కుర్రాడు:
చెవి మూయకుండా, ఎముక ద్వారా వినిపించే రకం కొనుక్కోండక్కా.

మైపాడు రోడ్డు:
చెవి తెరిచే ఉంటుంది, ధ్యాస పాటలోనే ఉంటుంది కదా!

పెన్నాగట్టు:
ఈ ఉదయం తీసేసి చూశాను. రెండో రౌండులో మళ్లీ అదే ఆయాసం. పెద్దాయన చెప్పినట్టు మూడడుగులు గాలి పీల్చి, రెండడుగులు వదులుతూ మూడు రౌండ్లు లాగాను. నాలుగో దానికి మాత్రం జేబులోంచి తీసి పెట్టుకున్నాను. ఆయన అప్పుడు చెప్పుల దగ్గర ఉన్నారు, చూడలేదనే అనుకుంటున్నాను.