జడ్జి కుర్చీలో ఉండి సర్కారును నిలదీయొచ్చా? ఎడ్విన్ కామెరాన్ సంగతి

నల్లకోటు:
దక్షిణాఫ్రికా జడ్జి ఎడ్విన్ కామెరాన్ తాను గే అని లాయరుగా ఉన్న రోజుల నుంచే దాచుకోలేదు. 1994లో మండేలా ఆయన్ని జడ్జిని చేశారు. 1999 ఏప్రిల్‌లో రాజ్యాంగ కోర్టు (అక్కడ రాజ్యాంగ కేసుల్లో ఆఖరి మాట దానిదే) పదవి కోసం ఇంటర్వ్యూకి వెళ్లి, తనకు ఎయిడ్స్ ఉందని అందరి ముందూ చెప్పేశారు. అంతవరకు నాకే పేచీ లేదు, ధైర్యవంతుడే. కానీ 2000 జులైలో డర్బన్ అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో వేదికెక్కి ఎయిడ్స్ విషయంలో ఏకంగా దేశాధ్యక్షుడు ఎంబెకీనే తప్పుపట్టారు. సిట్టింగ్ జడ్జి చేయాల్సిన పనేనా అది? మన సుప్రీంకోర్టు 1997లో జడ్జిల నడవడి గురించి రాసుకున్న నియమాల్లో స్పష్టంగా ఉంది, రాజకీయ విషయాల మీద, కోర్టు ముందుకు రాబోయే విషయాల మీద బహిరంగంగా మాట్లాడకూడదని. డర్బన్ ప్రసంగమైన మరుసటి ఏడాదే సర్కారు హెచ్‌ఐవీ మందులు ఇవ్వడం లేదన్న గొడవ కోర్టుకెక్కింది కూడా. రేపు మనకు గిట్టని జడ్జి ఇలాగే మైకు పట్టుకుంటే ఊరుకుంటామా?

గోదారిగట్టు:
అసలు అప్పుడక్కడ ఏం జరుగుతోందో చెప్పకుండా నియమాలు వల్లిస్తే ఎలాగండీ. ఎంబెకీ అధ్యక్షుడయ్యాక హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందా అని అనుమానాలు లేవదీశాడు, ఆ వైరస్‌ని నమ్మనివాళ్లను కూడా పిలిచి సలహా కమిటీలో కూర్చోబెట్టాడు. ఆయన ఆరోగ్య మంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమని చెప్పేది. కామెరాన్ డర్బన్‌లో చెప్పిన అసలు మాట ఇంకొకటి ఉంది: ఆఫ్రికాలో ఇంతమంది చచ్చిపోతుంటే నేను బతికున్నానంటే మందులు కొనుక్కునే జీతం నాకుంది కాబట్టే, అని. దాన్ని రాజకీయం అంటారా?

1998 డిసెంబర్‌లో డర్బన్ పక్కన గుగు ద్లామిని అనే ఆమె తనకు హెచ్‌ఐవీ ఉందని బయటికి చెప్పిన పాపానికి చుట్టుపక్కల వాళ్లే కొట్టి చంపారు. ఉద్యోగం, ఇల్లు, రక్షణ అన్నీ ఉన్న నేను నోరు మూసుకుని కూర్చోవడమేంటి అన్నది కామెరాన్‌ని కుదిపేసింది. (ఇప్పుడు మన హైదరాబాద్ కంపెనీలు హెటెరో, అరబిందో తయారుచేసే మాత్రలు ఆఫ్రికాకి వెళ్తున్నాయి కాబట్టి మనకది పాత కథలా ఉంటుంది. 2001లో మన మందుల కంపెనీ సిప్లా ధర పడగొట్టేదాకా ఒక మనిషికి ఏడాది మందులంటే పదివేల డాలర్ల పైమాట.)

సందేహాలరావు:
ఇంతకీ ఆ ఇంటర్వ్యూలో పదవి వచ్చిందా లేదా?

నల్లకోటు:
రాలేదు. సాండిలే ఎంగ్కోబోకి ఇచ్చారు. నా వాదనకి బలం అక్కడే ఉంది. హెచ్‌ఐవీ ఉందని విమానంలో ఉద్యోగం ఇవ్వని సౌత్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్‌ని తప్పుపడుతూ 2000 సెప్టెంబర్‌లో రాజ్యాంగ కోర్టు తీర్పిచ్చింది, రాసింది ఎవరనుకున్నారు? ఆ ఎంగ్కోబోనే. జబ్బు గురించి ప్రసంగాలు ఇవ్వకుండానే, తీర్పులోనే చెప్పాల్సింది చెప్పాడాయన. జడ్జి గొంతు అక్కడ వినిపిస్తే చాలు. పైగా 2004లో అప్పీల్ కోర్టులో స్వలింగ వివాహానికి అనుకూలంగా తీర్పు కామెరానే రాశారు. ఓడిన పక్షం ఏమనుకుంటుంది?

దక్కన్‌పిల్ల:
ఏమనుకుంటుందంటే, మరుసటి ఏడాది రాజ్యాంగ కోర్టు కూడా వాళ్లకి అదే చెప్పింది కదా అనుకుంటుంది 🙂 గే అయితే గేల కేసు వినకూడదంటే, పెళ్లయిన జడ్జిలు విడాకుల కేసులు వదిలేయాలి మరి. ఈ వాసన మన దగ్గరా ఉంది. తాను గే అని దాచుకోని లాయరు సౌరభ్ కిర్పాల్ పేరు జడ్జి పదవికి ఢిల్లీ హైకోర్టు 2017లో పంపితే, గే హక్కుల మీద ఆయనకు మమకారం ఎక్కువ, పక్షపాతం రావచ్చు అని కేంద్రం అడ్డు చెప్పింది. 2023 జనవరిలో కొలీజియం (జడ్జిల పేర్లు ఎంపిక చేసే సుప్రీంకోర్టు సీనియర్ జడ్జిల బృందం) మళ్లీ ఆ పేరే పంపాల్సి వచ్చింది. కులం, మతం, భూములు ఉన్న జడ్జిలకు మమకారాలు ఉండవు పాపం!

నల్లకోటు:
కిర్పాల్ విషయంలో మీతోనే ఉన్నానమ్మా. ఆయన ఎవరన్నది అడ్డు కాకూడదు. నేనడిగేది కుర్చీ ఎక్కాక వేదికల మీద మాట్లాడటం గురించి. ప్రభుత్వం తప్పు చేస్తోందని ఆయనకు అనిపించింది సరే, అనిపించిన ప్రతి జడ్జీ మాట్లాడితే?

గోదారిగట్టు:
పన్ను ఎంతుండాలి, డ్యామ్ ఎక్కడ కట్టాలి, వీటి మీద జడ్జి నోరు విప్పితే నేనూ మీ పక్షమే. వైరస్ ఉందా లేదా అన్నది పాలసీ కాదు. మీరన్న మందుల కేసు, తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే నెవిరాపిన్ గురించి, 2002లో రాజ్యాంగ కోర్టు తేల్చినప్పుడు ఆ బెంచ్‌లో కామెరాన్ లేనే లేరు. ఆయన అక్కడ శాశ్వత జడ్జి అయింది 2009లో. ఇక ఆయనకు 'అనిపించింది' అంటున్నారు. 1997లో జొహానెస్‌బర్గ్ హైకోర్టులో జడ్జిల గది నుంచి రెండంతస్తుల పైనున్న తన చాంబర్‌కి మెట్లెక్కలేక ఊపిరందక ఆగిపోయిన మనిషాయన. ఆ ఏడాది చివర్లో మందులు మొదలుపెడితే మళ్లీ లేచి తిరిగాడు. ఆ మందులు విషమని దేశాధ్యక్షుడి పక్కనున్నవాళ్లు చెబుతుంటే, బతికున్న సాక్షి కోర్టు బయటైనా చెప్పకూడదా?