చక్కెర లేని టీ మధుమేహాన్ని తగ్గిస్తుందా?

చర్చాంశం
మధుమేహం ఉన్నవారు టీలో చక్కెర మానేయాలన్న దానిపై వివాదం లేదు. అయితే చక్కెర లేని టీ రక్తంలో గ్లూకోజును స్వయంగా తగ్గిస్తుందని, ఎన్ని కప్పులు తాగితే అంత మేలని కొందరు గట్టిగా చెబుతున్నారు. ఇది ఎంతవరకు నిజమో సభ్యులు వివరించగలరు.

అనుకూల వాదన
నిజమేనని నా అభిప్రాయం. తేయాకులో పాలీఫెనాల్స్ అనే సహజ రసాయనాలు పుష్కలంగా ఉంటాయి. క్రమం తప్పకుండా టీ తాగేవారిలో టైప్ 2 మధుమేహం కొంత తక్కువగా కనిపిస్తోందని పలు పరిశీలనాత్మక అధ్యయనాలు తెలిపాయి. అటువంటప్పుడు దీన్ని ఆహార నియమంలో చేర్చమనడం సబబే కదా?

ప్రతివాదన
చేర్చవచ్చు, మందుగా భావించడమే ప్రమాదం. మీరు ప్రస్తావించిన అధ్యయనాలు టీ తాగేవారిని, తాగనివారిని పోల్చి చూసినవి కాబట్టి, ఆ తేడా టీ వల్ల వచ్చిందో, వారి బరువు, వ్యాయామం, భోజనం వల్ల వచ్చిందో అవి తేల్చలేవు. ఇప్పటికే మధుమేహం ఉన్నవారిపై జరిగిన ప్రయోగాల్లో, రెండు మూడు నెలల గ్లూకోజు సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష విషయంలో నిలకడైన ఫలితం కనబడలేదు.

అసలు లాభం మానేసిన చక్కెరలో ఉంది. చెంచాడు చక్కెర సుమారు 4 గ్రాములు. రెండేసి చెంచాలతో రోజుకు మూడు కప్పులు తాగేవారికి అదే 24 గ్రాములవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అదనపు చక్కెరలను మొత్తం శక్తిలో 5 శాతం లోపు, అంటే రోజుకు సుమారు 25 గ్రాములలోపు ఉంచుకుంటే మరింత మంచిదని సూచించింది. ఆ పరిమితి దాదాపు టీతోనే పూర్తయిపోతుంది. చక్కెరకు బదులు తేనె వేసుకున్నా ఒరిగేదేమీ లేదు, అదీ చక్కెరే.

పాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 5 గ్రాముల లాక్టోజ్ అనే సహజ చక్కెర ఉంటుంది. మా నాన్నగారు టీలో చక్కెర పూర్తిగా మానేసినా సాయంత్రపు రీడింగు దిగిరాలేదు. టీతోపాటు తినే బిస్కెట్లను మాన్పించాకే తేడా కనిపించింది.

మరొక సభ్యురాలు
పై వాదనతో ఏకీభవిస్తూ రెండు విషయాలు చేర్చదలిచాను. భోజనంతోపాటు టీ తాగితే అందులోని టానిన్లు శాకాహారంలోని ఇనుమును శరీరం సరిగా గ్రహించనివ్వవు. మెట్‌ఫార్మిన్ అనే మధుమేహ మాత్రను దీర్ఘకాలం వాడేవారిలో విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఎలాగూ ఉంది. ఈ రెండూ రక్తహీనతకు దారితీయగలవు. రక్తహీనత ఉన్నవారు భోజనానికి, టీకి మధ్య కనీసం గంట ఎడం పాటించాలి.

రెండవది మరింత ముఖ్యం. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి చెమటలు పట్టి, చేతులు వణికి, గ్లూకోజు డెసిలీటరు రక్తానికి 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువకు పడిపోతే, అలవాటు కొద్దీ చక్కెర లేని టీ ఇచ్చి ఊరుకోకూడదు. స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు చెంచాలు నీటిలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. ఇంట్లో చక్కెర వాడకం మానేసినవారు కూడా ఈ అవసరం కోసం కొంత చేతికందేలా ఉంచుకోవలసిందే.