బందరు కోటలో చూడ్డానికి ఇంకా ఏమైనా మిగిలిందా?

విజయవాడ అల్లుడు:
మా అత్తగారిది బందరు. పెళ్లయి పన్నెండేళ్లు దాటినా వెళ్లిన ప్రతిసారీ లడ్డూలు కట్టించుకోవడం, మంగినపూడిలో కాళ్లు తడుపుకుని వచ్చేయడం, అంతే. ఈసారి మా వాడు డచ్చివాళ్ల పాఠం చదివొచ్చి కోట చూపించమని పీక్కు తింటున్నాడు. మా బావమరిదేమో "గోడలు తప్ప ఏముంది బావా అక్కడ" అంటాడు. పాండిచ్చేరిని అంత ముస్తాబు చేశారు కదా, మన బందరుకి ఏమైంది?

పరాసుపేట కుర్రాడు:
కోటకంటే ముందు పేటల పేర్లు చూపించండన్నా. వలందపాలెం వలందులది, అంటే డచ్చివాళ్లది. మా పరాసుపేట ఫ్రెంచివాళ్లది. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషువాళ్లు 1611లో గ్లోబ్ అనే ఓడలో దిగేసరికే డచ్చివాళ్లు ఇక్కడ దుకాణం పెట్టేసి ఉన్నారు, అప్పట్లో ఇది గోల్కొండ సుల్తానుల రేవు. 1750లో ఫ్రెంచివాళ్లు ఊరిని పట్టుకున్నారు. 1758 చివర్లో చందుర్తి దగ్గర విజయనగరం రాజుతో కలిసి వాళ్లని ఓడించిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్, 1759 ఏప్రిల్‌లో ఓ రాత్రి ఈ కోటమీద పడ్డాడు. చుట్టూ బురద, ఎవరొస్తారులే అనుకున్న వైపు నుంచి కూడా మనుషుల్ని పంపాడు. లోపలున్న వాళ్లకంటే బయట నుంచి వచ్చినవాళ్లే తక్కువ, అయినా కోట చిక్కింది! మీ వాడికి ఇది అక్కడే నిలబెట్టి చెప్పండి, గోడలు చాలు. డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి కూడా తీసుకెళ్లండి, రాళ్లమీద చెక్కిన అక్షరాలు చూస్తాడు.

ఉప్పెన మనవడు:
పాండిచ్చేరితో పోలికేంటండీ. దాన్నీ 1761లో ఇంగ్లీషువాళ్లు నేలమట్టం చేశారు, కానీ ఫ్రెంచివాళ్లు తిరిగొచ్చి మళ్లీ కట్టుకుని 1954 దాకా కూర్చున్నారు. ఇక్కడ 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనకి ముప్పైవేలమంది దాకా పోయారు, ఆ తర్వాత దండు కూడా కోట ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఓడలు ఎప్పట్నుంచో ఒడ్డుకి దూరంగానే ఆగేవి, రేవు పూడిపోయింది. అయినా దొరల గోడలకి సున్నం కొట్టడం దేనికి? పోర్టుకి ఎన్నిసార్లు శంకుస్థాపన చేశారో మాకు తెలుసు. ముందు అది పూర్తయి మా పిల్లలకి ఉద్యోగాలు రానీండి.

పెడన అమ్మాయి:
పోర్టు రావాలి, కాదనను. కానీ పైన ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. వీళ్లంతా ఇంత దూరం వచ్చింది గుడ్డ కోసం! ఆ కలంకారీ గుడ్డ ఇంకా బందరు పక్కనే మా పెడనలో అచ్చు పడుతోంది, దానికి పునరుద్ధరణ అక్కర్లేదు, కొనేవాళ్లుంటే చాలు. అన్నయ్యగారూ, బాబుని పొద్దున్నే తీసుకురండి. కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరేసిన గుడ్డమీద టేకు అచ్చుతో పటిక కొడతారు, అప్పుడు చూస్తే పెద్దగా ఏమీ కనపడదు. రాగి కాగులో చెట్టు వేళ్ల నుంచి తీసిన రంగుతో మరగబెట్టాక అదే పువ్వు ఎర్రగా తేలుతుంది. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త, కలంకారీ అని చెప్పి స్క్రీన్ ప్రింట్ అంటగడతారు. వెనక్కి తిప్పి చూడండి, రంగు అటువైపు కూడా దిగి ఉండాలి.

విజయవాడ అల్లుడు:
ఆదివారం వస్తున్నామమ్మా. మా ఆవిడ చదివి, కోట సంగతి తర్వాత, ముందు పెడన అంటోంది.